ఉన్నది ఉన్నట్టు

మొదట పేరు పెట్టమంది మార్కెట్‌ప్లేస్.
నేననుకున్న ఇంగ్లీషు పేర్లన్నీ
అప్పటికే ఎవరెవరో పట్టుకుపోయారు.
రాత్రి పదకొండున్నర. పలాసలో కరెంటు
వస్తూ పోతూ ఉంది.
గోడ అవతల లోలాక్షప్ప
కార్ఖానా నుంచి తెచ్చుకున్న పప్పు జల్లిస్తోంది.
ఆ చప్పుడు వింటూ కొట్టాను: జల్లెడ.
పచ్చ టిక్కు పడింది.
లోకంలో ఎవరికీ అక్కర్లేకపోయిన పేరు
అలా నాదైంది.

చేసేది చిన్న పని.
ఎవరి ప్రాజెక్టుకైనా ఫిర్యాదులు వచ్చి పడుతుంటే
చదివి, విడదీసి, చీటీ అంటిస్తుంది:
ఇది నిజంగా తప్పు. ఇది కోరిక.
ఇది పాతదే మళ్లీ. ఇది ఉట్టి కోపం.
గుండు వేరు, బద్ద వేరు, నూక వేరు.
నేను కనిపెట్టిందేమీ లేదు.
జీడి కార్ఖానా ఆఫీసులో లెక్కలు రాస్తూ
కిటికీలోంచి అయిదేళ్లు చూసిందాన్నే
రెండు వందల పన్నెండు వరసల్లో పెట్టాను.

బొమ్మ అడిగింది. రంగు అడిగింది.
లైసెన్సు అడిగింది, అక్కడ ఆగాను.
ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏ హామీ లేదు.
ఎక్కడో విన్న మాటే.
కిందటి వేసవిలో తన ఇనప జల్లెడ నా చేతికిస్తూ
లోలాక్షప్ప అంది:
"ఎలాగుందో అలాగే ఇస్తన్నాను, తీసికెల్లు.
సిల్లు పడితే నన్నడక్కు.
ఇంకొకలికి ఇస్తే ఇయ్యి,
లోలాక్షిదని మటుకు సెప్పు."
హక్కుదారు గడిలో నా పేరు పక్కన
ఆమె పేరు కూడా రాశాను.
ఆవిడకి ఇప్పటికీ తెలీదు.

మొదటి నెల వాడినవాళ్లు ఏడుగురు.
అందులో ముగ్గురు నేనే.
తర్వాత నోరు తిరగని ఊళ్ల నుంచి ఎవరెవరో.
పదకొండు వేల చోట్ల నడుస్తోందని
ఒక పొద్దున లెక్క చూపించింది.
ఎవరికి చెప్పుకోవాలో తెలీక
స్టేషను పక్క టీ బడ్డీ దుర్యోధనకి చెప్పాను.
"ఒక్కోదానికి ఏటొస్తాది?"
ఏమీ రాదన్నాను.
చిల్లరిస్తూ
రెండు రూపాయలు ఎక్కువిచ్చాడు.

పెట్టడం ఒక రాత్రి.
నిలబెట్టడం మూడేళ్లు, ఇంకా అవలేదు.
నా అల్లిక కింద ఇంకెవరిదో అల్లిక,
దాని కింద ముఖం తెలియని ఇంకొకరి తీగ.
పై యంత్రంవాళ్లు పాత పద్ధతి ఆపేస్తామని
పదిహేను రోజులు గడువిస్తారు.
ఎక్కడ తెగినా
తెల్లారగట్ల మోగేది నా ఫోనే.

తుపాను వెళ్లిన వారం
కొబ్బరిచెట్లు రోడ్లకడ్డంగా పడుకునున్నాయి.
లోలాక్షప్ప ఇంటి రేకులు పక్క వీధిలో దొరికాయి.
జనరేటరున్న పెట్రోలు బంకులో
గంటన్నర వరసలో నిలబడి ఫోను తెరిస్తే
నలభై మూడు.
"ఇంత నిర్లక్ష్యమా?"
"ఈ ప్రాజెక్టు చచ్చిపోయిందా?"
నేను లేకపోయినా జల్లెడ ఉంది కదా,
తన మీదొచ్చిన తిట్లకి
తనే చీటీలంటించేసింది:
ఉట్టి కోపం, ఉట్టి కోపం, పాతదే మళ్లీ.
నవ్వాపుకోలేకపోయాను.
డీజిల్ డబ్బాలతో నిలబడ్డ వాళ్లు
తిరిగి చూశారు.

ఒకటి మాత్రం చీటీ లేకుండా మిగిలింది.
ఏ దేశమో తెలియని మనిషి
తెగిన చోట ఒక్క వరస సరిచేసి పంపారు.
కింద రాశారు:
"మీ జిల్లా పేరు వార్తల్లో చూశాను.
ఇదంతా పరీక్షించే పంపుతున్నాను,
మీరు చూడక్కర్లేదు.
బాగున్నారో లేదో మాత్రం రాయండి."

అది తప్పా, కోరికా
తేల్చుకోలేకపోయింది నా రెండు వందల పన్నెండు వరసలు.
నేనూ తేల్చలేదు.
బ్యాటరీ తొమ్మిది శాతం ఉండగా
తాళంచెవి ఒకటి ఆ పేరుకిచ్చి
విడుదల చేశాను:

వెర్షను మూడు చుక్క ఒకటి చుక్క రెండు.
మార్పులు: ఒక వరస.
బాగున్నాను.